గన్ను మోగుతోంది, నట్టు మాత్రం కదలడం లేదు

సమస్య: వీల్ నట్టో, యాక్సిల్ నట్టో, ఇంజన్ క్రాంక్ పుల్లీ బోల్టో రానంటోంది. నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ను పెడితే టకటకమని మోతే తప్ప ఫలితం లేదు. ఈపాటికి తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 డబ్బా సగం ఖాళీ చేసి ఉంటారు, నాకు తెలుసు.

ముందు నట్టుని చూడండి. చూడమంటే, గుడ్డతో తుడిచి, టార్చి వేసి, వంగి చూడమని. చాలా కార్లలో యాక్సిల్ నట్టు అంచుని షాఫ్ట్ గాడిలోకి నొక్కి లాక్ చేస్తారు. ఆ నొక్కుని సన్న ఉలితో పైకి లేపకుండానే నాలుగడుగుల పైపు వేసి ఊగేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది. కొన్నింటికి నట్టు తిరగకుండా అడ్డంగా దూర్చిన కాటర్ పిన్ను ఉంటుంది, దాన్నీ తీయరు! తర్వాత సాకెట్ చూడండి. పన్నెండు మూలలదైతే పక్కన పడేసి ఆరు మూలలది తీయండి. చక్రం నేల మీద ఉండగానే నట్టు వదులు చేయాలని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

వీల్ నట్టయితే కారణం దాదాపు ఒకటే, పంక్చర్ షాపు గన్ను. చిన్న కార్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. వాళ్లు గన్ను ఆపేది చెయ్యి నొప్పి పుట్టినప్పుడు. దీనికి మందు పొడవాటి రాడ్డే. మీటరు పైపు చివర 50 కిలోల బరువు పడితే 490 న్యూటన్ మీటర్లు వస్తుంది. సాకెట్ తగిలించే చదరం అరంగుళం ఉన్న రాడ్డుకి అంతకు మించి పైపు తొడిగితే రాడ్డే విరగొచ్చు, ముప్పావు అంగుళానికి మారండి.

ఇక నన్ను నిండా ముంచిన కారణం. ఒక పాత హ్యాచ్‌బ్యాక్ క్రాంక్ పుల్లీ బోల్టు. గన్ను లోపలికి పట్టక అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ రాడ్డు వేశాను. కోణం కుదరక దానికో ఎటైనా వంగే యూనివర్సల్ జాయింట్, సైజు కలవక ఒక అడాప్టర్. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రమైనా రాలేదు. "అన్నా, లోపల వెల్డింగ్ అయిపోయిందన్నా" అన్నాడు మా కుర్రాడు. నేనూ నమ్మి, రాణిగంజ్ వెళ్లి ఇంకా పెద్ద గన్ను కొనుక్కొచ్చాను. అదీ అంతే మోగింది.

మర్నాడు పొద్దున ఎక్స్‌టెన్షన్ పొడవునా తెల్ల మార్కర్‌తో ఒక గీత గీసి గన్ను నొక్కాను. గన్ను వైపు గీత వణికిపోతోంది. సాకెట్ దగ్గర గీత పెట్టినచోటే ఉంది. బోల్టుకి దెబ్బ చేరడమే లేదు!

ఇంపాక్ట్ గన్ను తిప్పదు, కొడుతుంది. మధ్యలో సన్న రాడ్డు ఉంటే అది స్ప్రింగులా మెలిపడి, ఆ దెబ్బని మింగి, వెనక్కి తిప్పి ఇచ్చేస్తుంది. రాడ్డు గట్టిదనం దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అరంగుళం నుంచి ముప్పావుకి వెళ్తే ఐదు రెట్లు గట్టి. పొడవు రెట్టింపైతే మెలిక కూడా రెట్టింపు. జాయింట్లలో ఉండే ఆ కాస్త లూజు ఇంకొంత తినేస్తుంది. వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ విప్పి, జాయింటూ అడాప్టరూ పీకేసి, పొట్టి లావు ఎక్స్‌టెన్షన్‌తో గన్ను నేరుగా పెట్టాను. రెండు మూడు సెకన్లు పట్టింది. కొత్త గన్ను డబ్బులు గుర్తొచ్చి కుర్రాడి మీద అరిచాను, పాపం.

పొడవు ఎక్స్‌టెన్షన్ తప్పదంటే గన్ను దింపేసి చేతి రాడ్డు పట్టండి. నెమ్మదిగా లాగితే మెలిక పడుతుంది కానీ, బలం మాత్రం బోల్టుకి పూర్తిగా చేరుతుంది. ఎక్స్‌టెన్షన్ బయటి చివరని జాకీ స్టాండ్ మీద ఆనించండి, లేదంటే వంగి సాకెట్ జారుతుంది.

గాలి గన్నుకీ ఇలాంటి జబ్బే ఒకటుంది. ట్యాంకు మీటరు గాలి ఒత్తిడి 120 పీఎస్ఐ చూపిస్తుంది, ట్రిగ్గర్ నొక్కగానే సన్న పైపు చివర అందులో చాలా భాగం మిగలదు. గన్ను దగ్గర, నొక్కి ఉంచినప్పుడు, 90 పీఎస్ఐ ఉందో లేదో చూడండి.

తుప్పు అంటారా? విశాఖలో సముద్రం పక్క బండికైతే సరే, ఆయిలు కొట్టి రాత్రంతా వదిలేయండి. మన హైదరాబాద్ బండికి అది అరుదు. రివర్స్ థ్రెడ్, అంటే ఎదురు దిక్కులో తిప్పి విప్పాల్సిన మర, కొన్ని పాత జీపుల ఎడమ చక్రాలకు తప్ప మీకు దాదాపు తగలదు. బేరింగ్ పక్కన గ్యాస్ మంట పెట్టొద్దు, గ్రీజూ సీలూ పోతాయి.

యాక్సిల్ నట్టు వదులయ్యాక బండిని అంగుళం కూడా దొర్లించొద్దు, బేరింగ్‌ని పట్టి ఉంచేది ఆ బిగింపే. నొక్కి లాక్ చేసే రకమైతే పాతది మళ్లీ వేయకుండా కొత్త నట్టు కొనండి. మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, కొత్త అంచుని గాడిలోకి నొక్కండి.