పోర్ట్రెయిట్‌కు కిటికీ వెలుతురు ఎప్పుడు, ఫ్లాష్ ఎప్పుడు?

మనిషిని ఎదుట కూర్చోబెట్టగానే ఫ్లాష్ వేయాలా వద్దా అని ఆలోచించే ముందు, ఆ చోట వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో, ఎంత మెత్తగా పడుతోందో చూడాలి. మీ పిడికిలిని ముఖం ఉండబోయే ఎత్తులో పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగితే, కణుపుల మధ్య నీడలు మారడం కనిపిస్తుంది. నీడ అంచు గీత గీసినట్టు ఉంటే అది కటువైన వెలుతురు. అంచు ఎక్కడుందో చెప్పలేకపోతే అది మెత్తని వెలుతురు, పోర్ట్రెయిట్‌కు కావలసింది చాలావరకు అదే.

ఇంట్లో అయితే మొదట కిటికీని ఆశ్రయించండి. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ పక్కన, మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చోబెట్టి, ముఖాన్ని కాస్త కిటికీ వైపు తిప్పమంటే, ఒక చెంప వెలిగి రెండో చెంప మీద పలచని నీడ పడి, ముక్కు, దవడల రూపం చక్కగా తేలుతుంది. కంట్లో కిటికీ ప్రతిబింబం చిన్న మెరుపుగా కనిపించేదాకా గడ్డాన్ని కొద్దికొద్దిగా ఎత్తించండి. ఆ మెరుపు లేని కళ్లు ఎంత అందమైనవైనా ఫొటోలో జీవం లేనట్టు ఉంటాయి. గదిలో బల్బులు తప్పనిసరిగా ఆర్పేయాలి, ఎందుకంటే పసుపు వెలుతురూ పగటి వెలుతురూ ఒకే ముఖం మీద పడితే ఏ వైట్ బ్యాలెన్సూ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగును సరిచేసే కెమెరా అమరిక) రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. నీడ వైపు మరీ నల్లబడితే తెల్ల థర్మాకోల్ షీటో, మడత విప్పిన తెల్ల పంచో ఆ పక్కన పట్టుకుంటే చాలు.

ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమని ఫొటోగ్రఫీ పుస్తకాలు తరచూ చెబుతాయి. ఐరోపాకు అది ఏడాదిలో ఎక్కువ కాలం వర్తిస్తుంది గానీ, హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నందున మే మధ్య నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు సైతం నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఆ కిటికీలోంచే లోపలికి వస్తుంది. ఆ నెలల్లో పలచని తెల్ల కర్టెన్ కట్టి తీయండి.

ఆరుబయట మిట్టమధ్యాహ్నం కనుబొమల కింద నల్లని గుంటలు పడతాయి. వసారా అంచుకో, గోడ నీడకో జరిపే వీలుంటే జరపండి; ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు పడే చెట్టు నీడ మాత్రం వద్దు. జరిపే వీలు లేనప్పుడే ఫ్లాష్ అవసరం. చాలా కెమెరాలు మామూలు ఫ్లాష్‌తో షట్టర్ వేగాన్ని (వెలుతురును లోపలికి రానిచ్చే సమయం) 1/200 లేదా 1/250 సెకను దాటనివ్వవు కాబట్టి, నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురును గ్రహించే సున్నితత్వం) 100, షట్టర్ 1/200, ఎఫ్/11 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబరు) దగ్గర మొదలుపెట్టి, ఫ్లాష్ బలాన్ని ఒకటి లేదా ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గిస్తే గుంటలు తేలికపడతాయి, ఫ్లాష్ వేసినట్టు తెలియదు.

కెమెరా మీది చిన్న ఫ్లాష్‌ను ముఖానికి సూటిగా కొట్టవద్దని గట్టిగా చెబుతాను. లెన్సుకు ఆనుకుని వచ్చే ఆ వెలుతురు ముఖాన్ని చదును చేస్తుంది, నుదుటి చెమటను మెరిపిస్తుంది, చీకట్లో రెటీనా నుంచి తిరిగొచ్చి కళ్లను ఎర్రగా చూపిస్తుంది. విడి ఫ్లాష్ ఉంటే దాని తలను పక్క గోడ వైపు తిప్పండి, అప్పుడు గోడే పెద్ద కిటికీలా పనిచేస్తుంది. అయితే గోడ తెల్లగా ఉండాలి. లేత ఆకుపచ్చ గోడ అయితే చెంపలూ ఆకుపచ్చగానే వస్తాయి.

కప్పు చాలా ఎత్తుగా, గోడలు దూరంగా ఉండే కల్యాణ మండపంలో ఈ ఉపాయం పారదు. అక్కడ ఫ్లాష్‌ను స్టాండు మీద, వెలుతురును మెత్తబరిచే ఫ్లాష్ గొడుగుతో, ముఖానికి ఏటవాలుగా కొంచెం పైనుంచి పెట్టాలి. ఫ్లాష్ మనిషికి రెట్టింపు దూరం జరిగితే పడే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక, దాన్ని కదిపిన ప్రతిసారీ బలాన్ని మళ్లీ సరిచూసుకోండి. ఫ్లాష్ వెలుతురును ఎఫ్ నంబరుతోనూ, వెనకనున్న దీపాల కాంతిని షట్టర్‌తోనూ అదుపు చేయవచ్చు. 1/200 నుంచి 1/50కి తగ్గిస్తే ముఖం మీది ఫ్లాష్ మారకుండానే మండపం రెండు స్టాపులు వెలుగుతుంది. ఆ దీపాలు పసుపువైతే ఫ్లాష్‌కు నారింజ జెల్ (పారదర్శకమైన రంగు షీటు) తగిలించి, వైట్ బ్యాలెన్సును 3200 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలమానం) దగ్గర పెట్టండి. వరుడి తెల్ల పట్టుబట్టలు ఫ్రేమును నింపినప్పుడు ఆటోమేటిక్ ఫ్లాష్ తెలుపును చూసి బలం తగ్గించుకుని ముఖాన్ని మసకగా వదిలేస్తుంది కాబట్టి, అలాంటి ఫొటోలకు దాదాపు ఒక స్టాపు పెంచి తీయాలి.