కరపత్రంలో అన్నీ ఉన్నా ఎవరికీ ఏదీ కనిపించడం లేదా?

విజయనగరంలో డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే) పని చేసే నా దగ్గరికి "రంగు మార్చండి, అక్షరం పెంచండి" అంటూ వచ్చే డిజైన్లలో చాలావాటికి లోపం రంగులో ఉండదు, ఖాళీలో ఉంటుంది. మనం చదవడం మొదలుపెట్టేలోపే కన్ను దేన్ని దేనితో కలపాలో తేల్చేస్తుంది. అందుకే ముందు ఖాళీలు చూడండి.

సమస్య: ధరల పట్టికలో ఒక వరుస ధరను ఇంకో వరుసది అనుకుంటున్నారు.

పలాస జీడిపప్పు పట్టికనే తీసుకోండి. 180, 210, 240, 320 గ్రేడ్లు ఎడమ అంచున, ధరలు కుడి అంచున పెట్టారు. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. చూపు ఒక్క వరుస జారితే కొట్టు దగ్గర గొడవే.

కారణం: పండగ ముగ్గుకు చుక్కలు పెట్టినప్పుడు అడ్డంగా దగ్గరగా ఉంటే అడ్డ వరుసలు, నిలువుగా దగ్గరగా ఉంటే నిలువు వరుసలు కనిపిస్తాయి. జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లో ఇలాంటి చుక్కలతోనే ఈ సంగతి వివరించాడు. మన పట్టికలో పేరుకూ ధరకూ మధ్య జానెడు దూరం, పై ధరకూ కింది ధరకూ మధ్య వేలెడు దూరం. కన్ను నిలువుగానే కలుపుతుంది.

పరిష్కారం: ధరను పేరు దగ్గరికి జరపండి, వరుసల మధ్య ఖాళీ పెంచండి. జరపడానికి వీల్లేకపోతే చుక్కల గీతతో రెండింటినీ కలపండి, లేదా వరుస విడిచి వరుసకు లేత రంగు పట్టీ వేయండి. ఒకే పట్టీలో ఉన్నవి దూరంగా ఉన్నా ఒకటిగానే కనిపిస్తాయి. దీన్ని స్టీఫెన్ పామర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో విడి సూత్రంగా చెప్పాడు.

సమస్య: తెలుగు పేరా నల్లటి ముద్దలా ఉంది.

ఇది మనలాంటి లిపులకు ఉన్న ఇబ్బంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. శ్రీకూర్మం, రాష్ట్రం, లక్ష్మి అని రాసి చూడండి. ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైనులోని గుడులు పైకి లేస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆటో లీడింగ్, అంటే లైనుకూ లైనుకూ మధ్య తనంతట అదే పెట్టే దూరం, సాధారణంగా అక్షరం సైజుకు 120 శాతం. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో మాత్రం పై లైను ఒత్తు తన అక్షరం కంటే కింది లైనుకే దగ్గరై, అటు చేరిపోయినట్టు ఉంటుంది. పెద్దవాళ్లు "అక్షరాలు ఆనడం లేదు" అంటే మనం అదే చోటులో సైజు పెంచుతాం, లైన్లు ఇంకా ఇరుకవుతాయి. సైజు అలాగే ఉంచి లీడింగ్ పెంచండి. 14 పాయింట్ల అక్షరానికి నేను 20కి తగ్గను. చోటు చాలకపోతే మాటలు తగ్గించండి.

సమస్య: శీర్షిక ఏ పేరాదో తెలియడం లేదు.

పైనా కిందా ఒకే ఖాళీ ఉంది. పైన రెండింతలు వదలండి, చాలు.

సమస్య: సిరిమానోత్సవం ఫ్లెక్సీలో ఇరవై ఫొటోలున్నాయి, అమ్మవారు కనిపించడం లేదు.

కారణం: ఒకే సైజు, ఒకే ఆకారం, ఒకే బార్డర్ ఉన్నవాటిని మనసు ఒక గుంపుగా కడుతుంది. పైడితల్లి అమ్మవారి బొమ్మ చుట్టూ కూడా అదే బంగారు గుండ్రం వేస్తే ఆ తల్లి కూడా గుంపులో కలిసిపోతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే తప్పు. అమ్మవారికి బార్డర్ తీసేయండి, చుట్టూ ఖాళీ ఇవ్వండి. మిగతా ఫొటోలన్నీ ఒకే వరుసలో, ఒకే సైజులో దగ్గరగా పేర్చండి. అప్పుడు ఇరవై ముఖాలు ఒక్క పట్టీలా అమరిపోతాయి.

సమస్య: అరసవల్లి గుడి ఫొటో మీద వేసిన అక్షరాలు కలిసిపోతున్నాయి.

ఏది ముందుది, ఏది వెనకది అని కన్ను తేల్చుకోలేకపోతోంది. గోపురం మీద కాకుండా ఆకాశం ఉన్న భాగంలో రాయండి. అక్షరాలకు నీడలు, అంచులు ఎన్ని తగిలించినా ఇంత ఫలితం రాదు.

సమస్య: "ఏటి బాబూ, ఇంత జాగా ఒగ్గేశావు? డబ్బులిచ్చాం కదా" అని పని ఇచ్చినాయన అంటున్నారు.

వాదించకండి. నిండుగా ఉన్నదొకటి, ఖాళీ ఉన్నదొకటి, రెండు ప్రూఫులు (అచ్చుకు ముందు తీసే నమూనాలు) గోడకు అంటించండి. ఆయన్ని పది అడుగులు వెనక్కి నిలబెట్టి, "240 గ్రేడు ధరెంత?" అని రెండింటిలోనూ చదవమనండి. ఏది ప్రింటుకు పంపాలో ఆయనే చెబుతారు.