బ్లాండ్ హైలైట్స్‌లో పసుపు తేలకుండా ఒక చిన్న చిట్కా
నల్ల జుట్టుకు బ్లీచ్ చేయించి బ్లాండ్ హైలైట్స్ (లేత బంగారు రంగు పాయలు) వేయించుకుంటే, కొన్ని వారాలకే పసుపు తేలడం మొదలవుతుంది. మాది గుంటూరు బ్రాడీపేట, ఇంట్లో బోరు నీళ్లు. అలాంటి నీళ్లలో ఐరన్ ఉంటే రంగు ఇంకా త్వరగా మారుతుంది.

ఇప్పుడు తలస్నానానికి ముందు ఒక లీటరు ఆర్వో నీళ్లతో జుట్టంతా తడుపుతున్నాను. ముందే మంచి నీళ్లు పీల్చుకున్న జుట్టు బోరు నీళ్లను అంతగా పీల్చుకోదు. వారానికి ఒక్కసారి, మామూలు షాంపూ అయ్యాక, ఒక టీస్పూన్ పర్పుల్ షాంపూను (పసుపును తగ్గించే ఊదా రంగు షాంపూ) రెండు టీస్పూన్ల కండిషనర్‌లో కలిపి, రంగు వేసిన పాయలకే పట్టిస్తాను. 5 నిమిషాలాగి కడిగేసి, చివర్లో ఇంకో లీటరు ఆర్వో నీళ్లు పోసుకుంటాను. పర్పుల్ షాంపూ ఒక్కటే వాడినప్పటికంటే సీసా చాలా ఎక్కువ రోజులు వస్తోంది, జుట్టు కూడా పీచులా అవ్వడం లేదు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పాత టవల్ వాడండి.

ఇది పసుపుకే పనిచేస్తుంది. పాయలు నారింజ రంగులోకి దిగితే పర్పుల్ ఎంత రాసినా లాభం లేదు, బ్లూ షాంపూ కావాలి. తొందరపడి అరగంట ఉంచితే మాత్రం ఊదా రంగు అంటుకుంటుంది.

ఇంకా రంగు ఎంచుకోని వాళ్లయితే యాష్ (బూడిద ఛాయ), ప్లాటినం (దాదాపు తెలుపు) కంటే హనీ (తేనె రంగు) షేడ్ చూడండి. అందులో కాస్త పసుపు తేలినా కలిసిపోతుంది.