వెబ్ పేజీలో ఖాళీ జాగా, 4వ పాఠం: 24కి 48 కలిపితే 72 ఎందుకు రాలేదు?

పోయిన పాఠంలో హెడింగ్‌కి పైన 48 పిక్సెల్స్, కింద 12 మార్జిన్ (బ్లాకు బయట వదిలే జాగా) ఇమ్మన్నాను. హెడింగ్ పై పేరాకి దూరంగా, కింది పేరాకి దగ్గరగా ఉంటేనే అది దేని తాలూకో చూడగానే తెలుస్తుంది. అంతవరకు అందరికీ అర్థమైంది. తేడా వచ్చింది లెక్క దగ్గరే. "పై పేరా కింద 24 ఉంది, హెడింగ్ పైన 48 ఇచ్చాం, మొత్తం 48 మాత్రమే వస్తోందేంటి?" అని చాలామంది అడిగారు. ఇంకొందరు, కింద 12 ఇస్తే 16 కనిపిస్తోందని టెన్షన్ పడిపోయారు. అందుకని ఈసారి ఈ లెక్కే తేల్చుకుందాం, గ్రిడ్ (పేజీని అడ్డం, నిలువు గళ్లుగా పంచే పద్ధతి) సంగతి వచ్చేసారి చూద్దాం.

ఒకదాని కింద ఒకటి ఉన్న బ్లాకుల మార్జిన్లు కూడుకోవు. రెండింట్లో పెద్దదే నిలుస్తుంది. 24, 48లో 48 నిలిచింది. మరి ఆ 16? మనం ఏమీ ఇవ్వకపోతే పేరాకి పైనా కిందా బ్రౌజరే ఒక ఈఎమ్ (అంటే అక్షరం సైజంత) మార్జిన్ పెడుతుంది. అక్షరం సైజు 16 అయితే అదీ 16. మీ 12 అందులో కలిసిపోయింది.

దీనికి విరుగుడుగా మధ్యలో బీఆర్ ట్యాగ్ పెట్టినవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే! అది పద్యంలోనో చిరునామాలోనో లైను విరవడానికి ఉంది, జాగా వదలడానికి కాదు. పేరాకీ హెడింగ్‌కీ మధ్య అది దూరిందంటే మార్జిన్లు కలవడం ఆగిపోతుంది. లైన్ హైట్ (ఒక లైను తీసుకునే ఎత్తు) 24 అనుకుంటే పేరా కింది 24, బీఆర్ లైను 24, హెడింగ్ పై 48 కలిసి 96 అవుతుంది. రేపు లైన్ హైట్ మారిస్తే ఆ ఖాళీ కూడా మారిపోతుంది. చూసిన చోటల్లా తీసేయండి.

రంగు డబ్బాలో మొదటి హెడింగ్ పై అంచుకి అతుక్కుని, డబ్బా మొత్తం కిందికి జారిందా? అదీ ఇదే జబ్బు. లోపలి మార్జిన్ బయటికి పోయింది. డబ్బాకి ప్యాడింగ్ (అంచుకి లోపల వదిలే జాగా) ఇస్తే సరి.

నేనైతే ముందే అన్ని మార్జిన్లూ సున్నా చేసి, పైవైపు మాత్రమే ఇస్తాను. కార్డుల్లో ఫ్లెక్స్ (లోపలివాటిని వరుసగా పేర్చే పద్ధతి), గ్యాప్ (వాటి మధ్య వదిలే జాగా) వాడతాను. ఫ్లెక్స్‌లో మార్జిన్లు కలవవు కాబట్టి లెక్క తప్పదు. తెలుగు పేజీకి లైన్ హైట్ 1.7 (అక్షరం సైజుకి 1.7 రెట్లు) పెడతాను, అంతకంటే తగ్గితే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతున్నట్టు ఉంటుంది.

అభ్యాసం: మీ పేజీలో గీతలు, రంగులు, నీడలు అన్నీ తీసేయండి. 8, 16, 24, 48 తప్ప వేరే అంకె వాడకుండా, ఖాళీలతోనే ఏది దేనితో కలిసి ఉందో తెలిసేలా చేయండి. తర్వాత డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే పరిశీలన పనిముట్లలో) ప్రతి ఖాళీనీ కొలిచి, మీరు అనుకున్న అంకె పక్కన రాసుకోండి. 320 పిక్సెల్స్ వెడల్పులో మళ్లీ మొదటినుంచీ కొలవాలి.