తుఫాన్ల కాలంలో పాలీఅనిలీన్ పొరలు: ప్రాజెక్టు పిల్లలకు జాగ్రత్తలు

కాకినాడ, అమలాపురం వైపు అక్టోబరు, నవంబరు అంటే వాయుగుండాలు, ముసురు, కరెంటు కోతలు. ఆ రోజుల్లోనే పాలీఅనిలీన్ (అనిలీన్ అణువులు గొలుసులుగా కలిసిన, కరెంటు మోసే ప్లాస్టిక్) పొరతో సూపర్ కెపాసిటర్ (ఛార్జిని దాచి వేగంగా వదిలే పరికరం) ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి.

ముందు అనిలీన్ సంగతి. అది చర్మం గుండానే ఒంట్లోకి దిగిపోతుంది. ఆ తర్వాత రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. పెదవులు, గోళ్లు నీలంగా కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. జల్లు కొడుతోందని కిటికీలన్నీ బిగించి, కరెంటు లేక ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే అర) ఆగిపోయినప్పుడు సీసా మూత తీయొద్దు. గ్లవుజు మీద చుక్క పడితే మార్చేయండి. అనిలీన్‌ను పాలీఅనిలీన్‌గా మార్చే అమ్మోనియం పర్సల్ఫేట్‌కు తేమ పడదు, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) ఉంచండి. అనిలీన్ పక్కన మాత్రం పెట్టొద్దు. రెండూ కలిపేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి 0–5 డిగ్రీల దగ్గర చుక్కచుక్కగా పోయాలి. చేపల ఐసు ఫ్యాక్టరీ గడ్డ తెచ్చుకున్నా ఫర్వాలేదు, బీకరు బయటే ఉండాలి.

ఇక పొర. ఇది ఛార్జిని పైపైన మాత్రమే పట్టుకోదు. పాలిమర్ గొలుసు ఎలక్ట్రాన్లను వదిలినప్పుడు ధనావేశం మిగులుతుంది. దానికి సరితూగేలా పొర మునిగి ఉన్న ఆమ్లంలోని క్లోరైడ్ అయానో, సల్ఫేట్ అయానో పొరలోకి చేరుతుంది. డిశ్చార్జిలో, ఉప్పుటేరులో పోటు తీసినట్టు, బయటికి వెళ్లిపోతుంది. మందమంతా పనిచేస్తుంది గనకే అంత ఛార్జి. వచ్చీపోయే అయాన్లతో ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది గనకే చివరికి చీలికలు. మందం పెంచితే మార్కులు పెరుగుతాయనుకోకండి, లోపలిదాకా అయాన్లు అందవు.

బోరు నీళ్లతో కడిగారో, ఆకుపచ్చ పొర చూస్తుండగానే నీలంగా తిరుగుతుంది. ప్రోటాన్లు పోయి, కరెంటు మోయడం మానేసిందన్నమాట. కంగారు పడక్కర్లేదు, పలుచని ఆమ్లంలో ముంచితే మళ్లీ పచ్చబడుతుంది. అసలు కడగడమే ఆ ఆమ్లంతో కడిగితే ఈ గొడవ ఉండదు. వోల్టేజి తప్పు మాత్రం అలా సర్దుకోదు. సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడుతో (వోల్టేజి కొలవడానికి ప్రమాణంగా పెట్టేది) పోల్చి 0.8 వోల్టులు దాటిస్తూ పోతే గొలుసులు తెగి క్వినోన్లు అనే చెడిపోయిన ముక్కలు పుడతాయి. నేనైతే 0.7 దగ్గరే ఆపమంటాను. పై వోల్టేజిలో ఉండగా కరెంటు పోతే పొరను అలాగే ఆమ్లంలో వదిలి హాస్టల్‌కు వెళ్లిపోవద్దు, ఎలక్ట్రోడు పైకి తీయండి.

ఉప్పుగాలికి క్రొకడైల్ క్లిప్పులు ఊరికే తుప్పు పడతాయి. ఆ క్లిప్పు ఆమ్లంలో మునిగితే ఇనుము కరిగి వోల్టేజి–కరెంటు గ్రాఫులో కొత్త శిఖరం లేస్తుంది. దాన్ని పొర ఘనత అనుకుని రిపోర్టులో రాసేసేరు!

మిగిలిన ద్రావణం సింకులో పోయొద్దు. మన డ్రెయిన్లు ఎటు తిరిగినా కాలవల్లోకే, అక్కడినుంచి చేపల చెరువుల్లోకే. అనిలీన్ చేపలకు విషం. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, వరద నీరు ఎక్కని పై అంతస్తులో దాచి, ప్రమాదకర వ్యర్థాలు పట్టుకెళ్లేవాళ్లకే అప్పగించండి.