స్క్రీన్‌ప్లే రాద్దాం, 6వ భాగం: డైలాగు లేని పాత్రని చంపడం

పోయిన భాగంలో చిన్న పాత్రని ఒకటి రెండు సీన్లలో నిలబెట్టడం నేర్చుకున్నాం. ఈసారి అలాంటి పాత్రని చంపుదాం.

మన సినిమాల్లో హీరో ఫ్రెండు ఎప్పుడు పోతాడో హాల్లో అందరికీ ముందే తెలుసు. "వచ్చే నెల్లో చెల్లి పెళ్లిరా" అన్నాడంటే ఇంటర్వెల్ దాటడు. జాలిని ముందే కూడబెట్టి చావు దగ్గర ఖర్చుపెట్టే పద్ధతి ఇది. తప్పని కాదు, బాగా అరిగిపోయింది. దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లిన సీను ఒకటి, 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఉంది.

డిస్కవరీ అనే నౌక గురుగ్రహానికి వెళ్తుంటుంది. అందులో అయిదుగురు. బౌమన్, పూల్ మెలకువగా ఉంటారు. హంటర్, కింబల్, కమిన్‌స్కీలను బయల్దేరకముందే దీర్ఘనిద్రలోకి పంపి పెట్టెల్లో పడుకోబెట్టారు. వాళ్లకి ఒక్క డైలాగు కూడా లేదు. నౌకను నడిపే కంప్యూటర్ పేరు హాల్. అది మొదట పూల్‌ని నౌక బయట చంపుతుంది. శవాన్ని తేవడానికి బౌమన్ పాడ్ అనే చిన్న వాహనం వేసుకుని వెళ్తాడు. ఆ సందులో హాల్ ఈ ముగ్గురి పని ముగిస్తుంది.

ఇక్కడ ఆగి చూడండి. కత్తి లేదు, కేక లేదు, సంగీతం లేదు. అలారం మోత ఒక్కటే. తెర మీద 'కంప్యూటర్ లోపం' అని వెలిగి ఆరుతుంది. ప్రాణక్రియలు ప్రమాదంలో ఉన్నాయని ఇంకో హెచ్చరిక. వంకర్లు తిరుగుతున్న గీతలు చదునైపోతాయి. చివరికి 'ప్రాణక్రియలు ముగిశాయి'. ఆ తెర చదవడానికి నౌకలో మనిషన్నవాడు లేడు. మూడు హత్యలకు సాక్షులం మనమే. నన్నడిగితే ఆ సీను బలమంతా ఇక్కడే ఉంది.

దీనికి విత్తనం చాలా ముందే పడింది. నౌక కథ మొదట్లో వచ్చే టీవీ ఇంటర్వ్యూలో ఈ నిద్ర సంగతి వస్తుంది: శ్వాస నిమిషానికి ఒకసారి, గుండె నిమిషానికి మూడుసార్లు, కలలు రావు. అప్పుడది ఏదో సైన్సు ముచ్చటలా వినిపిస్తుంది. నిజానికి రచయితలు మనకి జాలి బదులు సమాచారం ఇచ్చి పెట్టుకున్నారు. ఎంత సన్నటి దారం మీద ఆ ప్రాణాలు వేలాడుతున్నాయో మనకి తెలుసు కాబట్టే ఆ గీతలు భయపెడతాయి.

పూల్‌కి మాత్రం అమ్మానాన్నల పుట్టినరోజు శుభాకాంక్షలు, చదరంగం ఆట ఉన్నాయి. అయినా హాల్ నడిపిన పాడ్ అతణ్ణి కొట్టే క్షణాన్ని చూపించలేదు.

ఇక అభ్యాసం. ఒక్క పేజీలో ఒక చావు రాయండి. డైలాగు, ముఖం, సంగీతం వద్దు. ఏదో ఒక పరికరం మాత్రమే కనబడాలి. ఆసుపత్రి మానిటర్ నిషిద్ధం, అది మరీ సులువు. ఉదాహరణకి, ఫోన్ మ్యాపులో డెలివరీ కుర్రాడి చుక్క వంతెన మీద ఆగిపోయింది. చూస్తున్నవాడు బిర్యానీ చల్లారిపోతుందని విసుక్కుంటున్నాడు. ఆ వంతెనకి రెయిలింగ్ లేదన్న మాట అంతకుముందు సీన్లో, వేరే సందర్భంలో, ఎవరి నోటనో రావాలి.

'చుక్క విషాదంగా ఆగింది' అని మాత్రం రాయకండి. చుక్క ఆగింది, చాలు. రాశాక విశేషణాలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. వచ్చే భాగంలో, చచ్చిపోయినవాడి సామాన్లు ఎవరు సర్దాలో చూద్దాం.