రెండు కామాలు, ఒక అంకె: కీబోర్డు మీద నుంచి చెయ్యి తీయకుండా ఎమోజీ

నేను ప్రూఫ్‌రీడర్‌ని. రోజంతా దిద్దడం, దిద్దినవి తిప్పి పంపడం, పంపేటప్పుడు పక్కన ఒక ముక్క రాయడం. "మూడో పేజీలో ఒక పొల్లు ఎగిరిపోయింది, పెట్టాను 👍". ఆ బొటనవేలు లేకపోతే కొందరు రచయితలు నొచ్చుకుంటారు. ఉత్త వాక్యం వాళ్లకు కసురుకున్నట్టు వినిపిస్తుందట. సరే, పెడదాం. కానీ ఆ ఒక్క బొమ్మ కోసం కీబోర్డు వదిలి మౌస్ పట్టుకోవాలి, నవ్వుముఖం గుర్తు నొక్కాలి, వరసల్లో వెతకాలి, దొరికాక నొక్కాలి, మళ్లీ వేళ్లు సర్దుకోవాలి. సాయంత్రానికి మణికట్టు లాగేది.

ముందు కంప్యూటర్‌లో ఉన్నదే వాడి చూడండి. విండోస్‌లో విండోస్ కీ పట్టుకుని చుక్క కీ నొక్కితే ఎమోజీల పెట్టె తెరుచుకుంటుంది. 2017 నుంచి ఇది విండోస్ 10లో ఉంది, 11లోనూ ఉంది. పెట్టె తెరిచి ఇంగ్లిష్‌లో పేరు కొడితే జాబితా కుదించుకుపోతుంది, బాణం కీలతో ఎంచుకుని ఎంటర్ కొట్టడమే. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ మూడూ కలిపి నొక్కాలి. లినక్స్‌లో కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు మెటా కీతో (విండోస్ బొమ్మ ఉన్న కీయే) చుక్క. ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే ఏనుగుకో గొడుగుకో ఇది చాలు. రోజుకు వంద సార్లు పెట్టే బొటనవేలికి మాత్రం ఇదీ దూరాభారమే.

వంద సార్లు పెట్టేవాటికి కావలసింది సంక్షిప్తం. మనం రెండు మూడు కీలు కొడితే అవి చెరిగిపోయి ఆ చోట ఎమోజీ పడాలి. ఈ పని చేసే పరికరాలు, అంటే చిన్న ప్రోగ్రాములు, చాలా ఉన్నాయి. కోలన్ కొట్టి, వెంటనే ఎమోజీ ఇంగ్లిష్ పేరు కొట్టడం వాటిలో ఎక్కువ భాగానికి ఆనవాయితీ. తెలుగు టైపు చేసేవాళ్ల చిక్కు అక్కడే మొదలవుతుంది. తెలుగు టైపుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో సెమికోలన్ కీ నొక్కితే చ పడుతుంది, షిఫ్ట్‌తో నొక్కితే ఛ. అంటే కోలన్ ఉండవలసిన చోట ఛ కూర్చుని ఉంటుంది. తెలుగు వాక్యం మధ్యలో ఒక నవ్వు కావాలంటే కీబోర్డును ఇంగ్లిష్‌కు మార్చి, పేరు కొట్టి, మళ్లీ తెలుగుకు మార్చాలి. ఇంతకంటే మౌసే నయం.

నేను ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి కీ నొక్కి చూశాను, ఏది రెండు కీబోర్డుల్లోనూ ఒకే గుర్తు ఇస్తుందా అని. పై వరసలో అంకెలు మారలేదు. కామా మారలేదు. చుక్క కూడా మారలేదు గానీ, మన రచయితలు వాక్యం చివర చుక్కల తోరణాలు కడతారు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. కామా పక్కన కామా మాత్రం బుద్ధిగా రాసే ఏ రాతలోనూ రాదు. వస్తే అది అచ్చుతప్పు, దిద్దడానికి నేనున్నాను. కాబట్టి రెండు కామాలు, వెంటనే ఒక అంకె.

విండోస్‌లో దీనికి నేను వాడేది ఆటోహాట్‌కీ. ఉచితం. దాని రెండో కూర్పును పెట్టుకోండి. తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి ఇలా ఒక్క వరుస రాయండి:

:*?:,,1::👍

చూడ్డానికి చీమలు పాకినట్టుంది కదా, విడదీసి చూద్దాం. చివరి జంట కోలన్లకు ఎడమ పక్కన ఉన్న ,,1 మనం కొట్టేది. కుడి పక్కన ఉన్నది దాని బదులు పడేది. మొదటి రెండు కోలన్ల నడుమ ఉన్నవి షరతులు. నక్షత్రం గుర్తు ఉంటే అంకె కొట్టిన తక్షణం ఎమోజీ పడుతుంది. అది లేకపోతే తర్వాత స్పేసో ఎంటరో కొట్టేదాకా ఆగుతుంది. ప్రశ్న గుర్తు ఉంటే ముందు అక్షరానికి అంటుకుని కొట్టినా పనిచేస్తుంది. ఇక ఎమోజీని వరుసలో ఎలా పెట్టాలంటారా? విండోస్ కీ, చుక్క. పాత పెట్టె ఇక్కడ పనికొస్తుంది.

దాచేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. పేరు చివర చుక్క పెట్టి ఏహెచ్‌కే అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. కింద ఫైలు రకం దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే నోట్‌ప్యాడ్ తన తోక తగిలించి దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలు చేసేస్తుంది. రెండోది, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎమోజీ బదులు పిచ్చి గుర్తులు పడతాయి. ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే గడియారం పక్కన పచ్చటి హెచ్ గుర్తు కనిపిస్తుంది. వరుసలు మార్చినప్పుడల్లా ఆ గుర్తు మీద కుడి క్లిక్ చేసి 'రీలోడ్ స్క్రిప్ట్' నొక్కాలి. నేను ఇది మరిచిపోయి పరికరాన్ని తిట్టుకున్న రోజులు ఉన్నాయి. కంప్యూటర్ వెలిగించగానే తనంతట తానే మొదలవ్వాలంటే ఆ ఫైలుకు ఒక షార్ట్‌కట్ చేసి స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టండి.

ఏ అంకెకు ఏ ఎమోజీ అన్నది తేలిక విషయం అనుకున్నాను. మొదట్లో 1 👍, 2 🙏, 3 😂. ఒక రోజు ఒక పెద్దాయన నుంచి సందేశం వచ్చింది: "అమ్మా, ఇంట్లో ఆరోగ్యం బాగాలేదు, అధ్యాయం ఆలస్యమవుతుంది." "పర్వాలేదండీ, నిదానంగా పంపండి" అని రాసి, నమస్కారం పెట్టబోయి పక్క అంకె నొక్కి పంపేశాను. తెర మీద కన్నీళ్లు వచ్చేలా నవ్వుతున్న ముఖం. తుడిపేసేలోపే ఆయన చూసేశారు. "నువ్వు నవ్వినా మంచిదేలేమ్మా" అన్నారు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ కుచ్చుకుంది.

ఆ రోజే వరస మార్చాను. 1 👍, 2 🙏, 3 ✅, 4 ❤️. పొరపాటున ఒకటి బదులు ఇంకొకటి పడినా ఎవరూ నొచ్చుకోరు. నవ్వులు కీబోర్డు అవతలి కొసన, అదీ రెండు సున్నాలు కొడితేనే: ,,00. ఇక్కడ ఒక మెలిక ఉంది. నక్షత్రం పెట్టాం కాబట్టి ,,1 కొట్టగానే బొటనవేలు పడిపోతుంది, ,,10 దాకా వెళ్లనే వెళ్లదు. రెండంకెల సంక్షిప్తం కావాలంటే దాని మొదటి అంకెను ఒంటరిగా వాడకూడదు. అందుకే నా దగ్గర ,,0 లేదు.

❤️ విషయంలో ఇంకో తమాషా. అసలు గుర్తు వెంట కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, దాని పేరు వేరియేషన్ సెలెక్టర్ 16. ఎక్కడి నుంచో తెచ్చి అతికించేటప్పుడు అది జారిపోతే కొన్నిచోట్ల ఎర్ర గుండె కాస్తా నల్లగా, చదునుగా పడుతుంది. కుటుంబం బొమ్మ 👨‍👩‍👧 ఇంకా విచిత్రం. అది ఒక అక్షరం కాదు. మగమనిషి, ఆడమనిషి, పాప, నడుమ వాళ్లను అతికించే కనిపించని అక్షరాలు రెండు, జీరో విడ్త్ జాయినర్లు. కొన్ని చోట్ల బ్యాక్‌స్పేస్ కొడితే పాప ఒక్కతే మాయమవుతుంది. నాకిది కొత్తగా అనిపించలేదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట పొల్లుకూ వ అక్షరానికీ మధ్య ఆ జాయినర్ తోబుట్టువు, అక్షరాలను అతుక్కోనివ్వని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉండాలి. లేకపోతే వ కాస్తా వత్తుగా మారి కిందికి జారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. రోజూ ఆ జారిపడ్డ వత్తులు ఎత్తిపెట్టేదాన్ని కాబట్టి ఆ కనిపించని అక్షరాన్నే ఒక వరుసలో అతికించి ,,9కు ఇచ్చేశాను. ఎమోజీల కోసం మొదలుపెట్టిన పరికరంలో నేను ఎక్కువగా నొక్కేది ఇప్పుడు అదే.

మరీ కొత్త ఎమోజీలను అంకెలకు ఇవ్వకండి. 👍, 🙏, 😂, ✅ ఇవన్నీ అక్షరాలకూ ఎమోజీలకూ ప్రమాణమైన యూనికోడ్‌లో, 2010 నాటి 6.0 కూర్పులోనే ఉన్నాయి, పాత ఫోనులోనూ కనిపిస్తాయి. సెల్యూట్ చేసే 🫡 2021లో వచ్చింది. పాత యంత్రం ఉన్నవాళ్లకు అక్కడ ఖాళీ డబ్బా కనిపిస్తుంది. డబ్బా పంపి "ఏమిటమ్మా ఇది?" అనిపించుకోవడం దేనికి?

మ్యాక్ వాళ్లకు వేరే పరికరం అక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ విభాగంలో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్స్ ఉంది, ఎడమ గడిలో ,,1, కుడి గడిలో 👍. అన్ని అప్లికేషన్లూ దాన్ని పట్టించుకోవు, అదొక్కటే లోటు. లినక్స్‌లో ఎస్పాన్సో అని ఒకటుంది, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ కూడా నడుస్తుంది. దాని ఫైలులో వరుసలను లోపలికి జరపడానికి ట్యాబ్ కొట్టకూడదు, స్పేసులే కొట్టాలి. ,,1 చుట్టూ కొటేషన్ గుర్తులు ఉండాలి.

విండోస్‌లో ఏదైనా ఒక్క ప్రోగ్రాములో సంక్షిప్తం పలకకపోతే, అది అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి ఉందేమో చూడండి. అలాంటి కిటికీలోకి మామూలుగా నడిచే ఆటోహాట్‌కీ చెయ్యి పెట్టలేదు. ఇక నత్తనడక నడిచే పాత కంప్యూటర్లలో ఎమోజీ ముందు ఒక కామా మిగిలిపోవడం కద్దు. నా పంపిన సందేశాల్లో అలా మిగిలినవి నాలుగైదు ఉన్నాయి. వాటిని ఇంతవరకు ఏ రచయితా పట్టుకోలేదు.